చివరి మూడు నాలుగు తూటాల దగ్గరే ఇరుక్కుంటున్న 9 ఎంఎం కార్బైన్: తప్పు మ్యాగజైన్‌దా, బోల్ట్‌దా?

తొమ్మిదో_గడి
ఏఆర్-15 రైఫిల్ తరహా 9 ఎంఎం కార్బైన్ (పిస్టల్ తూటా కాల్చే పొట్టి రైఫిల్). డైరెక్ట్ బ్లోబ్యాక్ (బోల్ట్‌కి తాళం లేని రకం), 16 అంగుళాల బ్యారెల్, గ్లాక్ పిస్టల్ మ్యాగజైన్లు పట్టే లోయర్ (తుపాకీ కింది సగం). మొదటి 600 రౌండ్లు ఏ అడ్డూ లేకుండా నడిచింది. ఇప్పుడు 33 రౌండ్ల మ్యాగజైన్ పెడితే 29, 30 దాకా బాగానే పోతుంది, ఆ తర్వాత ఇరుక్కుంటుంది. తీసి చూస్తే ప్రతిసారీ ఒకటే వాటం: తూటా ముక్కు సగం పైకి లేచి ఉంటుంది, బోల్ట్ (తూటాని ముందుకి తోసి వెనక నుంచి మూసే ముక్క) దాని నడుం మీదికి ఎక్కి ఉంటుంది, ఇత్తడి కేస్ మీద అడ్డంగా ఒక నొక్కు. ఆఖరి తూటా పేలాక బోల్ట్ వెనకాల నిలబడటం కూడా మానేసింది. 115 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు) మామూలు గుండ్రటి ముక్కు తూటాలే వాడుతున్నాను. బోల్ట్ తూచితే 410 గ్రాములు, బఫర్ (బోల్ట్ వెనక దానితో పాటు కదిలే బరువు) 85 గ్రాములు. చాంబర్ (తూటా కూర్చుని పేలే గది), బోల్ట్ ముఖం శుభ్రంగానే ఉన్నాయి. ఫీడ్ ర్యాంప్ (తూటా చాంబర్లోకి జారే ఏటవాలు) పాలిష్ చేస్తే పోతుందని ఒకరు చెప్పారు. చేయమంటారా?

నూనెగుడ్డ
ర్యాంప్ జోలికి పోవద్దు. ముక్కు ర్యాంప్‌కి గుద్దుకుని ఆగిందంటే దెబ్బ బుల్లెట్ ముక్కు మీద కనిపించాలి. మీకు కనిపిస్తున్నది కేస్ నడుం మీద. అంటే తూటా పైకి లేచేలోపే బోల్ట్ ముందుకొచ్చేసింది. ఒకసారి అరగదీసిన లోహం మళ్ళీ రాదు.

బోల్ట్‌బాబాయ్
నూనెగుడ్డ గారి మాటే నాదీ. కారణం కొంచెం విడమరిచి చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే బ్లోబ్యాక్ కార్బైన్ల రోగాల్లో సగం అర్థమైనట్టే.

డైరెక్ట్ బ్లోబ్యాక్‌లో బోల్ట్‌కి తాళం ఉండదు. తూటా పేలగానే కేస్‌ని చాంబర్లో ఆపి ఉంచేది బోల్ట్ బరువు, దాని వెనకున్న స్ప్రింగు, అంతే. బరువు తక్కువైతే బోల్ట్ ఎక్కువ వేగంతో వెనక్కి పోతుంది, బఫర్ ట్యూబు చివర గుద్దుకుని అంతే వేగంగా తిరిగొస్తుంది. అటు మ్యాగజైన్ స్ప్రింగు నిండుగా ఉన్నప్పుడు బాగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి తూటాని గట్టిగా ఎగదోస్తుంది. తూటాలు అయిపోవచ్చే కొద్దీ స్ప్రింగు సాగిపోతుంది, తోపు తగ్గుతుంది. ఆ చివరి మూడు నాలుగు దగ్గర బోల్ట్ గెలుస్తుంది, మ్యాగజైన్ ఓడుతుంది. ఆఖర్న బోల్ట్ నిలబడకపోవడం కూడా ఇదే జబ్బుకి రెండో లక్షణం. ఫాలోయర్‌కి (మ్యాగజైన్లో తూటాల కింద ఉండే పలక) క్యాచ్‌ని (బోల్ట్‌ని వెనక ఆపే మీట) ఎత్తే బలం చాలడం లేదు, లేదా ఎత్తేలోపే బోల్ట్ దాటిపోతోంది.

లెక్క మోటుగా చూడండి. 115 గ్రెయిన్లంటే 7.45 గ్రాములు. 16 అంగుళాల బ్యారెల్లోంచి సెకనుకు 400 మీటర్ల దగ్గర్లో వెళ్తుందనుకుంటే, మీ 495 గ్రాముల బోల్ట్ ప్లస్ బఫర్‌కి సెకనుకు 6 మీటర్ల వేగం వస్తుంది. అదే 640 గ్రాములు చేస్తే 4.7కి దిగుతుంది. స్ప్రింగు, హామర్ (ఫైరింగ్ పిన్నుని కొట్టే సుత్తి) పట్టే బ్రేకు ఇందులో కలపలేదు, గన్‌పౌడర్ వాయువు తోపూ కలపలేదు. తేడా ఎంతో తెలియడానికి మాత్రం ఇది చాలు.

85 గ్రాములది 5.56 రైఫిల్ తూటా కార్బైన్‌కి చేసిన బఫర్. 9 ఎంఎంకి చేసినవి 156 గ్రాముల దగ్గర మొదలవుతాయి, 227 గ్రాములవీ దొరుకుతాయి. బోల్ట్, బఫర్ కలిపి 570 నుంచి 620 గ్రాముల మధ్య ఉంటే మామూలు 9 ఎంఎం తూటాలకి సరిపోతుంది.

గట్టిస్ప్రింగు
బఫర్ మార్చడం ఎందుకు, గట్టి రికాయిల్ స్ప్రింగు వేస్తే బోల్ట్ వేగం అదే తగ్గుతుందిగా. ఖర్చూ తక్కువ.

బోల్ట్‌బాబాయ్
వెనక్కి పోయేటప్పుడు కొంచెం తగ్గుతుంది. కానీ ఆ స్ప్రింగు దాచుకున్న శక్తంతా తిరిగొచ్చేటప్పుడు బోల్ట్‌కే ఇస్తుంది. గట్టి స్ప్రింగు వేస్తే బోల్ట్ ముందుకి ఇంకా జోరుగా వస్తుంది, మ్యాగజైన్‌కి ఇంకా తక్కువ సమయం దొరుకుతుంది. ఈయన జబ్బు ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. బరువు పెంచితే రెండు వైపులా నెమ్మదిస్తుంది. అందుకే ముందు బరువు, తర్వాతే స్ప్రింగు.

గట్టిస్ప్రింగు
ఒప్పుకుంటున్నా. తిరుగు ప్రయాణం సంగతి లెక్కలో వేసుకోలేదు.

తేలికచెయ్యి
బరువు కూడా పిచ్చిగా పెంచకండి. పెంచే కొద్దీ బోల్ట్ మూసుకునేటప్పుడు బ్యారెల్ మూతి కిందకి దిగుతుంది, రెడ్ డాట్ సైట్‌లో గురి చుక్క కదలడం తెలుస్తుంది. బలం తక్కువ తూటా పెడితే బోల్ట్ పూర్తిగా వెనక్కే పోదు. అప్పుడు ఖాళీ కేస్ బయటికి పోవాల్సిన కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది, లేదా కొత్త తూటా అందుకోకుండానే ఖాళీ చాంబర్ మీద బోల్ట్ మూసుకుంటుంది. రెండు రకాల జామ్‌లూ చూడ్డానికి ఒకేలా అనిపిస్తాయి, మందు మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం. కేస్ నడుం మీద నొక్కు ఉంటే బోల్ట్ వేగం ఎక్కువ. ఖాళీ చాంబర్ మీద మూసుకుంటే వేగం తక్కువ. అడ్డు తీసేయడానికి తొందరపడి హ్యాండిల్ లాగేసే ముందు, మూతి సురక్షిత దిశలో ఉంచి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, కిటికీలోకి ఒక్క క్షణం చూడండి. ఆ ఒక్క చూపుతో సగం రోగనిర్ధారణ అయిపోతుంది.

పెట్టెలో_పదిహేడు
బఫర్ కొనేముందు మ్యాగజైన్ తప్పో కాదో తేల్చుకోండి, దీనికి పైసా ఖర్చు లేదు. ఉన్న మ్యాగజైన్లన్నిటికీ అడుగు పలక మీద పెయింట్ పెన్నుతో నంబర్లు వేయండి. ఒక్కోదానిలో ఐదేసి తూటాలే పెట్టి, ఒక్కోటి నాలుగు సార్లు నడపండి. ఇరుక్కున్నప్పుడల్లా నంబరు రాసుకోండి. అడ్డంతా ఒకే నంబరు దగ్గర వస్తే ఆ మ్యాగజైన్ తప్పు. అన్నిటిలో సమానంగా వస్తే కార్బైన్ తప్పు.

ఆ తర్వాత తప్పు నంబరు దాన్ని విప్పండి. తూటాలు లేకుండా చూసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అడుగు పలక జారుస్తూ బొటనవేలితో స్ప్రింగుని అదిమి పట్టుకోండి, లేకపోతే గదిలో ఎటు పోతుందో చెప్పలేం. 33 రౌండ్ల దాని స్ప్రింగు తీసి బల్ల మీద నిలబెడితే నడుం దగ్గర ఒక పక్కకి వాలుతుందేమో చూడండి. మెలికలు ఒకదానికొకటి రాసుకున్న చోట నల్లరంగు పోయి తెల్లగా మెరుస్తుంటే అది లోపల గోడకి కూడా రాసుకుంటున్నట్టే. కొత్త స్ప్రింగు పక్కన పెట్టి పొడవు పోల్చొచ్చు గానీ దాన్ని బట్టే తీర్పు చెప్పకండి. మంచి స్ప్రింగు కూడా మొదటి వాడకంలో కాస్త కుంగి, అక్కడే ఆగిపోతుంది. బొటనవేలితో ఫాలోయర్‌ని పైనుంచి ఒక అంగుళం నొక్కి వదిలితే టక్కున ఎగరాలి. నెమ్మదిగా, తడబడుతూ లేస్తే స్ప్రింగు మార్చడమే. 10 శాతం ఎక్కువ బలమున్న స్ప్రింగులు విడిగా దొరుకుతాయి, ఈ పొడుగు మ్యాగజైన్లకి అవే నయం.

లోపల నూనె మాత్రం చుక్క కూడా వద్దు. నూనె మసినీ దుమ్మునీ పట్టి జిగురు చేస్తుంది, మెల్లగా ప్రైమర్‌లోకి (తూటా అడుగున మందుని అంటించేది) పాకితే తూటా పేలకుండా పోవచ్చు. పొడిగుడ్డ, పొడి నైలాన్ బ్రష్, అంతే.

తొమ్మిదో_గడి
నాలుగు మ్యాగజైన్లున్నాయి, రెండు 33వి, రెండు 17వి. నంబర్లు వేసి చూస్తాను. ఇంకో సందేహం: బఫర్ మార్చితే పొడవు కూడా చూడాలని ఎక్కడో విన్నాను, నిజమేనా?

బోల్ట్‌బాబాయ్
నిజమే, చాలామంది వదిలేసే విషయం అది. 9 ఎంఎం బోల్ట్ 5.56 క్యారియర్ (బోల్ట్‌ని మోసే ముక్క) కంటే పొట్టిది. మామూలు బఫర్ (పొడవు 82 మి.మీ. దాకా) పెడితే బోల్ట్ అవసరానికి మించి వెనక్కి పోతుంది. అక్కడినుంచి తిరిగొచ్చేటప్పుడు పరుగందుకోవడానికి బోలెడు దూరం దొరుకుతుంది, ఆఖరి తూటా తర్వాత బోల్ట్ క్యాచ్‌ని ఆ జోరుతో గుద్దుతుంది. క్యాచ్ విరగడం, లోయర్లో దాని పిన్ను రంధ్రం సాగడం ఇలాగే వస్తాయి. మందు రెండు రకాలు: 100 మి.మీ. పైచిలుకు పొడవుండే 9 ఎంఎం పొడుగు బఫర్, లేదా ట్యూబు అడుగున ఒక స్పేసర్. రెండూ కలిపి పెట్టకూడదు, బోల్ట్ క్యాచ్ దాకా కూడా పోదు.

పెట్టాక ఇలా చూసుకోండి. ఖాళీ మ్యాగజైన్ పెట్టి హ్యాండిల్ మెల్లగా పూర్తిగా లాగండి. బోల్ట్ ముఖం క్యాచ్‌ని దాటి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి పోవాలి, వదిలితే క్యాచ్ మీద ఆగాలి. అసలు దాటకపోతే స్పేసర్ ఎక్కువైంది. వేలెడు దూరం పోతే తక్కువైంది.

పిన్నులపెట్టె
లోయర్ విప్పుతున్నారు కాబట్టి హామర్ పిన్ను కూడా బయటికి తీసి చూడండి. బ్లోబ్యాక్‌లో బోల్ట్ వెనక్కి పోతూ హామర్‌ని తోస్తుంది, 5.56లో కంటే ఈ తోపు మొరటుగా ఉంటుంది. బోల్ట్ అడుగున హామర్‌కి తగిలే చోటు ఏటవాలుగా ఉంటే హామర్ మెల్లగా పడుకుంటుంది, నిలువు అంచు ఉంటే సుత్తి దెబ్బే. పిన్ను వ్యాసం 3.9 మి.మీ. మాత్రమే. దాన్ని గాజు పలక మీద దొర్లించండి. తిన్నగా దొర్లితే సరే, మధ్యలో ఎగిరెగిరి పడితే వంగింది. మధ్యలో గోరుకి తగిలేంత గాడి ఉన్నా మార్చేయండి. విరిగిన పిన్నుతో హామర్ ఒక పక్కకి ఒరిగితే ట్రిగ్గర్ ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు, అందుకే ఇందులో వాయిదా పనికిరాదు.

లైట్ ట్రిగ్గర్ కోసం సన్న హామర్ స్ప్రింగు వేసినవాళ్ళకి ఇంకో మాట. బ్లోబ్యాక్‌లో హామర్ స్ప్రింగు కూడా బోల్ట్‌కి బ్రేకు. సన్నది వేస్తే బోల్ట్ వేగం పెరుగుతుంది, గట్టి ప్రైమర్లు పేలకుండా మిగులుతాయి.

ఇత్తడితొడుగు
ఎజెక్టర్ని (ఖాళీ కేస్‌ని బయటికి తన్నే ముక్క) కూడా మరిచిపోవద్దు. గ్లాక్ మ్యాగజైన్ లోయర్లలో అది లోయర్‌కే బిగించి ఉంటుంది, చాలావాటిలో చిన్న స్క్రూతో. దాని కొస చిట్లినా, స్క్రూ వదులై కిందకి వంగినా ఖాళీ కేసులు బయటికి పోకుండా కిటికీలో నిలబడతాయి. వేలితో కదిపి చూడండి, ఆడకూడదు. స్క్రూ తీసి, జిడ్డు పోయేలా తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేసి బిగించి ఒక రోజు ఆరనివ్వండి. ఎరుపుది వద్దు, తర్వాత తీయాలంటే వేడి పెట్టాల్సొస్తుంది.

ఎక్స్‌ట్రాక్టర్‌కి (బోల్ట్ ముఖం మీద కేస్ అంచుని పట్టే కొక్కెం) పరీక్ష: బోల్ట్ బయట ఉండగా ఒక ఖాళీ కేస్ అంచుని కొక్కెం కింద దూర్చి మెల్లగా ఊపండి. పడిపోకుండా పట్టుకుని ఉండాలి.

సందేహాల_సంచి
బ్లోబ్యాక్‌లో కేస్‌ని వాయువే తోసేస్తుంది కదా, ఎక్స్‌ట్రాక్టర్ అవసరమేముంది?

ఇత్తడితొడుగు
పేలిన కేస్ వెనక్కి రావడానికి అంతగా అవసరం లేదు, నిజమే. కానీ కేస్ ఎజెక్టర్‌కి తగిలేదాకా బోల్ట్ ముఖాన్ని అంటిపెట్టుకుని ఉండాలి, ఆ పని ఎక్స్‌ట్రాక్టర్‌దే. పేలని తూటాని బయటికి లాగేది కూడా అదే. తుపాకీ ఖాళీ చేశాననుకుంటాం, చాంబర్లో ఒకటి ఉండిపోతుంది. ఎక్స్‌ట్రాక్టర్ పాడైతే అసలు ప్రమాదం అక్కడుంది. అందుకే మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక ఆపి, చాంబర్లోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి చూసే అలవాటు పోగొట్టుకోకూడదు.

మసిపాత
శుభ్రం చేయడం గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. బ్లోబ్యాక్‌లో ఒత్తిడి ఇంకా మిగిలుండగానే కేస్ వెనక్కి రావడం మొదలెడుతుంది, కాబట్టి మసి బ్యారెల్లో కంటే రిసీవర్లో, ట్రిగ్గర్ గుంతలో ఎక్కువ చేరుతుంది. సైలెన్సర్ బిగిస్తే ఇంకా ఎక్కువ. అందరూ బ్యారెల్లో గుడ్డలు తోస్తూ గంట గడుపుతారు, బోల్ట్ ముఖం అంచున పేరుకున్న నల్లటి పొర అలాగే ఉంటుంది. దృష్టి పెట్టాల్సింది తలకిందులుగా:

చాంబర్ ముందు. 9 ఎంఎం చాంబర్‌కి చేసిన కంచు బ్రష్, సాల్వెంట్‌తో తడిపి పది నిమిషాలు నాననిచ్చి, తిప్పుతూ తోయాలి. బ్యారెల్ బ్రష్ చాంబర్ గోడల్ని సరిగ్గా అందుకోదు. తర్వాత పొడి గుడ్డతో పూర్తిగా ఆరబెట్టాలి. నూనె మిగిలిన చాంబర్లో కేస్ గోడని పట్టుకోదు, బోల్ట్ మీద తోపు పెరుగుతుంది.

రెండోది బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద సందు. పాత టూత్‌బ్రష్, చెక్క పుల్ల చాలు, ఉక్కు మొన వాడొద్దు. ఫైరింగ్ పిన్ను దారిని సాల్వెంట్‌తో కడిగి పొడిగా వదిలేయాలి. అందులో గ్రీజు చలికి గట్టిపడితే పిన్ను దెబ్బ మెత్తబడుతుంది, మసితో గట్టిపడి పిన్ను ముందుకే ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం.

నూనె బోల్ట్ రిసీవర్‌కి రాసుకుని మెరిసే చోట్ల పల్చటి పొర, అంతే. హామర్ తల, బోల్ట్ అడుగు తగిలే చోట మాత్రం పెసరగింజంత గ్రీజు. దుమ్ము నేలైతే ఇంకా తగ్గించండి.

ఎన్ని రౌండ్లకి? 500కి ఒకసారి బోల్ట్, చాంబర్. 2,000కి ఒకసారి ట్రిగ్గర్ గుంతతో సహా మొత్తం. రికాయిల్ స్ప్రింగు 5,000 దాటితే మార్చే లెక్కలో పెట్టుకోండి, తయారీదారు పుస్తకంలో అంతకంటే తక్కువ రాసుంటే దాని మాటే వినండి.

నూనెగుడ్డ
మసిపాత గారి పోస్టుకి ఒకటి కలుపుతాను. ఆ మసిలో సీసం ఉంటుంది, ప్రైమర్లోంచి, బుల్లెట్ అడుగునుంచి. బ్లోబ్యాక్ ఆ వాయువుని ముఖం వైపే ఊదుతుంది. శుభ్రం చేసేటప్పుడు నైట్రిల్ గ్లవ్స్, గాలి ఆడే గది. తర్వాత చల్లటి నీళ్ళు, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి. వాడిన గుడ్డల్ని ఇంటి గుడ్డలతో కలిపి ఉతకొద్దు. ఇంట్లో పసిపిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

రోలర్‌రాయుడు
ఈ దారమంతా డైరెక్ట్ బ్లోబ్యాక్ గురించే నడుస్తోంది. ఎంపీ5 సబ్‌మెషీన్ గన్ వంశం వాటికి వేరే లెక్క. 1966 నుంచి ఉన్న రోలర్ డిలే పద్ధతి అది. బోల్ట్ తలలో రెండు రోలర్లు పక్కలకి తెరుచుకుని బోల్ట్‌ని కాస్త ఆలస్యం చేస్తాయి, అందుకే బోల్ట్ తేలిగ్గా ఉన్నా సరిపోతుంది. దీనికి నాడి చూసినట్టు బోల్ట్ గ్యాప్ చూడాలి.

మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసి, హ్యాండిల్ పూర్తిగా లాగి వదిలేయండి, బోల్ట్ సొంత బలంతో మూసుకోవాలి. సురక్షిత దిశలో ట్రిగ్గర్ నొక్కి హామర్ దించండి. ఇప్పుడు మ్యాగజైన్ గుంతలోంచి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి బోల్ట్ తలకీ క్యారియర్‌కీ మధ్య సందు కొలవండి. 0.25 నుంచి 0.50 మి.మీ. మధ్య ఉండాలి. అరిగే కొద్దీ సందు తగ్గుతుంది. 0.25 కంటే తగ్గితే ప్రామాణిక 8.00 మి.మీ. రోలర్లకి బదులు 8.02, 8.04 మి.మీ. రోలర్లు వేసి సందు పెంచుతారు. పెద్ద రోలర్లు వేసే ముందు ఉన్నవి అరిగి చదునెక్కాయేమో, చిట్లాయేమో చూడాలి. సున్నా అయితే రోలర్లు తమ పని చేయడం మానేసినట్టే, తేలిక బోల్ట్‌తో డైరెక్ట్ బ్లోబ్యాక్ అయిపోతుంది. కాల్చడం ఆపేయండి.

చాంబర్లో పొడుగునా సన్న గాళ్ళుంటాయి. పేలిన కేస్ మీద నల్లటి చారలు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి ఆ గాళ్ళ గుర్తులే. చారలు మాయమైతేనే కంగారు, గాళ్ళు మూసుకుపోయాయన్న మాట. తొడుగు లేని, మైనం పూసిన సీసపు బుల్లెట్లు వీటికి పెట్టకండి.

సందేహాల_సంచి
సిగ్ కంపెనీ 9 ఎంఎం తుపాకీ ఎంపీఎక్స్ ఈ రెండిట్లో దేనికి వస్తుంది?

రోలర్‌రాయుడు
దేనికీ రాదు. అది గ్యాస్ పిస్టన్‌తో నడుస్తుంది, బోల్ట్ తిరిగి తాళం వేసుకుంటుంది, ఏఆర్-15కి దగ్గర. కదిలే బరువు తక్కువ కాబట్టి తన్ను మెత్తగా ఉంటుంది. బదులుగా పిస్టన్ మీద పేరుకునే కార్బన్‌ని చూసుకోవాలి, భాగాలు కూడా ఎక్కువ.

విడగొట్టు_కలుపు
రూగర్ పీసీ కార్బైన్ వాడేవాళ్ళకి. బోల్ట్ లోపల టంగ్‌స్టన్ బరువు ఉంటుంది, అది కాస్త ఆలస్యంగా కదిలి దెబ్బని మెత్తబరుస్తుంది, కాబట్టి బఫర్ బరువుల గొడవ మీకు లేదు. మీ గొడవ బ్యారెల్ విడిపోయే చోట. అక్కడున్న రింగు వేళ్ళతో బిగించి, బ్యారెల్ తిప్పి లాక్ చేశాక అటూ ఇటూ ఆడకూడదు. ఆడితే గురి చెదురుతుంది, ముఖ్యంగా రెడ్ డాట్ రిసీవర్ మీద ఉన్నప్పుడు. రిసీవర్ ముఖం, బ్యారెల్ భుజం రెండూ ప్రతిసారీ తుడిచి కలపండి, ఒక్క మసి రేణువు చాలు గురి మారడానికి. గ్లాక్ మ్యాగజైన్ అడాప్టర్ వేసుకుంటే పై పోస్టుల్లో చెప్పిన మ్యాగజైన్ స్ప్రింగు పాఠం మీకూ వర్తిస్తుంది.

పాతచెక్క
1985 నుంచి 1999 దాకా వచ్చిన మార్లిన్ క్యాంప్ కార్బైన్ చేతిలో ఉన్నవాళ్ళు వెంటనే రిసీవర్ విప్పి వెనక బఫర్ చూడండి. ఆ ప్లాస్టిక్ ముక్క వయసుతో పెళుసై, పసుపు రంగు బెల్లం ముక్కలా పొడి పొడిగా రాలుతుంది. రాలాక కూడా కార్బైన్ నడుస్తుంది, అదే మోసం. బోల్ట్ నేరుగా లోహాన్ని గుద్దుతుంది, దెబ్బ చెక్క బట్‌కి పాకి రిసీవర్ వెనక చెక్క చీలుతుంది. పాలియురిథేన్ బఫర్, కొత్త రికాయిల్ స్ప్రింగు రెండూ కలిపే మార్చాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే సగం వైద్యమే.

లివర్‌లచ్చన్న
లివర్ (కింద మీట ఆడించి తూటా ఎక్కించే) కార్బైన్లు కూడా పిస్టల్ తూటావే, మమ్మల్ని లెక్కలోంచి తీసేయకండి. 1873 వించెస్టర్ నుంచి ఉన్న వంశం మాది!

.357 లివర్లో .38 స్పెషల్ ఎక్కువగా కాలిస్తే చాంబర్లో ఒక మసి వలయం పేరుకుంటుంది. .38 కేస్ 29.3 మి.మీ., .357 కేస్ 32.8 మి.మీ. ఆ మూడున్నర మిల్లీమీటర్ల చోట మసి గట్టిపడి ఉంటుంది. తర్వాత .357 పెడితే కేస్ నోరు దాంట్లో ఇరుక్కుని బయటికి రావడానికి మొరాయిస్తుంది, ఒత్తిడి కూడా పెరుగుతుంది. .40 సైజు కంచు బ్రష్, సాల్వెంట్‌లో పావుగంట నాననిచ్చి తిప్పితే వదులుతుంది. .38 అయ్యాక .357కి మారే ముందు ప్రతిసారీ ఇది చేయాలి.

మార్లిన్ 1894లో ఇంకొకటి. లివర్ అంచు వాడిగా ఉంటే తూటాని ఎత్తే క్యారియర్ అడుగున గాడి కోస్తుంది. గాడి లోతైతే క్యారియర్ సరైన ఎత్తుకి లేవదు, గొట్టం మ్యాగజైన్లోంచి రెండో తూటా తల దూర్చేసి మొత్తం బిగుసుకుపోతుంది. ఆ అంచుని సన్న రాయితో మెత్తగా గుండ్రం చేయాలి, లోహం తినేసేలా కాదు. గాడి ఇప్పటికే పడితే క్యారియర్‌ని తుపాకుల మిస్త్రీ చేతికివ్వండి.

తేలికచెయ్యి
లివర్ గొట్టం మ్యాగజైన్లో మొనదేలిన బుల్లెట్లు పెట్టొద్దని కూడా చెప్పండి లచ్చన్న గారూ.

లివర్‌లచ్చన్న
అవునవును. ముందు తూటా ప్రైమర్‌కి వెనక తూటా ముక్కు ఆనుకుని ఉంటుంది. చదును ముక్కువే పెట్టాలి.

గట్టిస్ప్రింగు
సొంతంగా తూటాలు నింపుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక, ఇంతవరకు ఎవరూ అనలేదు. 9 ఎంఎం కేస్ పొడవు 19.15 మి.మీ., మొత్తం తూటా 29.69 మి.మీ. మించకూడదు. కార్బైన్ చాంబర్లు కొన్ని బిగువుగా ఉంటాయి, పిస్టల్లో పడే తూటా ఇక్కడ పూర్తిగా దిగకపోవచ్చు. బోల్ట్ సందు మిగిల్చి ఆగితే అరచేత్తో గుద్ది మూయకండి. బ్లోబ్యాక్‌లో తాళం లేదు కాబట్టి కేస్ అడుగు బయటికి ఉండగా పేలితే ఆ చోట ఇత్తడి చిట్లుతుంది, వాయువు మ్యాగజైన్ గుంతలోంచి కిందకి తన్నుకొస్తుంది. తూటా బయటికి తీసి, కేస్ గేజ్‌లో (తూటా కొలత సరిచూసే అచ్చు) వేసి చూడండి.

+పీ తూటాల మీద మోజు కూడా బ్లోబ్యాక్‌లో అనవసరం. మామూలు 9 ఎంఎంకి గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, +పీకి 38,500. పొడుగు బ్యారెల్ ఎలాగూ వేగం పెంచుతుంది, అదనపు ఒత్తిడితో బోల్ట్‌కి దెబ్బే మిగులుతుంది.

బోల్ట్‌బాబాయ్
గట్టిస్ప్రింగు గారి మాటకి తోడు: చప్పుడు మెత్తగా "టప్" అని వినిపించి, తన్ను తెలియకపోతే వెంటనే ఆపండి. 16 అంగుళాల బ్యారెల్లో బుల్లెట్ మధ్యలో ఆగిపోవడానికి చోటు చాలా ఉంది. దాని వెనక ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పగులుతుంది. మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, బోల్ట్ బయటికి తీసి, చాంబర్ వైపు నుంచి వెలుతురు పెట్టి చూడండి. వెలుతురు రాకపోతే ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టి తీయాలి. ఆ కడ్డీని చాంబర్లో తూటా ఉండగా మాత్రం దూర్చొద్దు.

తొమ్మిదో_గడి
పరీక్ష అయింది. 1, 2 నంబర్లు 33వి, 3, 4 నంబర్లు 17వి. ఒక్కోదానిలో ఐదేసి, నాలుగేసి సార్లు, మొత్తం 80 రౌండ్లు. 1లో ఏడు సార్లు, 2లో ఐదు సార్లు, 3లో ఒకసారి అడ్డం పడింది, 4లో లేదు. అన్నిటికీ కేస్ నడుం మీదే నొక్కు.

1, 2 నంబర్లకి 10 శాతం ఎక్కువ బలమున్న స్ప్రింగులు వేశాను. బఫర్ పొడుగుది, 156 గ్రాములు, బోల్ట్‌తో కలిపి 566. స్పేసర్ వేయలేదు. బోల్ట్ ఇప్పుడు క్యాచ్‌ని దాటి కొద్దిగానే వెనక్కి పోతోంది. అవే తూటాలతో 200 రౌండ్లు నడిపితే ఒక్క అడ్డు లేదు, ఆఖర్న బోల్ట్ ప్రతిసారీ నిలబడింది. ఖాళీ కేసులు మునుపు ముందుకి, దూరంగా ఎగిరేవి, ఇప్పుడు కుడి పక్కకి దగ్గర్లోనే ఒకే చోట పడుతున్నాయి.

హామర్ పిన్ను గాజు మీద దొర్లిస్తే మధ్యలో ఎగిరింది. పిన్నులపెట్టె గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు, ఆ మాట చెప్పకపోతే చూసేవాణ్ణే కాదు. కొత్తది వేశాను. 566 సరిపోతుందా, 227 గ్రాములదానికి పోవాలా?

తేలికచెయ్యి
మీరు 115 గ్రెయిన్లే కాలుస్తుంటే ఆగండి. అడ్డు లేదు, కేసులు ఒకే చోట పడుతున్నాయి, బోల్ట్ నిలబడుతోంది. ఇంకా బరువు పెంచితే పోయేదే ఎక్కువ.

బోల్ట్‌బాబాయ్
147 గ్రెయిన్లకి మారే ఆలోచన ఉంటే ఒక మ్యాగజైన్ నిండా కాల్చి కేసులు ఎక్కడ పడుతున్నాయో మళ్ళీ చూడండి. మళ్ళీ ముందుకి దూరంగా ఎగిరితే అప్పుడు 227. పాత పిన్ను పారేయకుండా పక్కన పెట్టండి, ఇంకో 2,000 రౌండ్ల తర్వాత కొత్తదాన్ని దానితో పోల్చి చూడొచ్చు.

పిన్నులపెట్టె
2,000 కాదు, మొదటిసారి 500కే చూడండి. పాత పిన్ను 800 లోపే వంగింది, తేలిక బఫర్ వల్లనా, బోల్ట్ అడుగు నిలువు అంచు వల్లనా అన్నది ఇంకా తేలలేదు. ఏటవాలు లేని బోల్ట్ అయితే కొత్త పిన్ను కూడా అదే దారిన పోతుంది. బోల్ట్ అడుగు ఫోటో పెట్టండి.